మందు డబ్బా మీది పేర్లు - వాటి పుట్టుపూర్వోత్తరాలు

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. కొండవీటి కోట గురించి, అమరావతి స్తూపం గురించి, చీరాల-పేరాల ఉద్యమం గురించి రాయగల పెద్దలు మన సంఘంలోనే చాలామంది ఉన్నారు. వారి జోలికి నేను పోను. నేను వ్యవసాయశాఖలో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ముప్ఫయి అయిదేళ్ళ సర్వీసులో నా చేత్తో అన్నిటికంటె ఎక్కువసార్లు రాసినవీ, టైపు కొట్టినవీ పురుగుమందుల పేర్లే. లైసెన్సు రిజిష్టర్లలో, స్టాకు రిజిష్టర్లలో, సర్క్యులర్లలో ఆ పేర్లే. కనుక నాకు తెలిసిన చరిత్ర అదే. ఆ పేర్ల చరిత్రే ఇక్కడ మనవి చేస్తున్నాను.

ఈ పేర్లు నోరు తిరగనివి, వీటికి ఒక అర్థం పర్థం లేదు అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. పోస్టులో వేసే ఉత్తరం మీద ఊరు, వీధి, డోరు నంబరు ఉన్నట్లే ఆ పేరులో పదార్థం యొక్క పూర్తి చిరునామా ఉంటుంది. చదవడం తెలిస్తే చాలు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి చేలకు గత డెబ్బయి, ఎనభై ఏళ్ళలో వచ్చిన మందుల్లో అధిక భాగం కార్బన్ సమ్మేళనాలు. వాటిలోనూ వలయాలు, ద్విబంధాలు ఉన్నవే ఎక్కువ. కాబట్టి ముందుగా ఆ రెండు మాటలూ ఏమిటో చూద్దాం.

వలయమూ, ద్విబంధమూ

కార్బన్ పరమాణువుకు నాలుగు చేతులు ఉన్నాయనుకోండి. పక్కవాడి చేయి పట్టుకుని వరసగా నిలబడితే అది గొలుసు. వరసలో మొదటివాడూ చివరివాడూ చేతులు కలిపితే కోలాటంలో మాదిరి గుండ్రంగా వస్తుంది. అది వలయం. ఇద్దరు పక్కపక్కవాళ్ళు ఒక చేత్తో కాక రెండేసి చేతులతో పట్టుకుంటే అది ద్విబంధం. వలయాన్ని చెప్పడానికి పేరు ముందు 'సైక్లో' అని చేరుస్తారు. ద్విబంధాన్ని చెప్పడానికి చివర 'ఈన్' అంటారు. ద్విబంధం లేకపోతే 'ఏన్'. ఆరు కార్బన్లకు 'హెక్స్'. కనుక ఆరు కార్బన్ల వలయంలో ద్విబంధం లేకపోతే సైక్లోహెక్సేన్, ఒకటి ఉంటే సైక్లోహెక్సీన్, ఒకటి విడిచి ఒకటిగా రెండు ఉంటే సైక్లోహెక్సా-1,3-డైఈన్.

ఇక నంబర్లు. మన ఉద్యోగులకు దీన్ని తేలికగా చెప్పవచ్చు. ఇది సీనియారిటీ లిస్టు వంటిది. వలయానికి మొదలూ చివరా లేవు గనుక, ఒకటో నంబరు ఎవరికి ఇవ్వాలన్న తగవు వస్తుంది. ఆమ్లమో, ఆల్కహాలో ఉంటే వారు గెజిటెడ్ అధికారులు. ఒకటో నంబరు వారిదే. వారు లేనప్పుడు ద్విబంధం సీనియరు. దాని రెండు కార్బన్లకు 1, 2 నంబర్లు ఇవ్వాలి. మిథైల్, క్లోరిన్ వంటివి అటెండర్లు. మిగిలిన నంబర్లలో వీలైనంత చిన్నది వారికి దక్కుతుంది. అందుకే ద్విబంధం పక్కనున్న కార్బన్ మీద మిథైల్ ఉంటే 3-మిథైల్‌సైక్లోహెక్సీన్ అంటారు గాని, మిథైల్‌కు ఒకటో నంబరు ఇవ్వరు. అదే చోట మిథైల్‌కు బదులు ఆల్కహాలు వచ్చి కూర్చుంటే ద్విబంధం కిందికి జరగవలసిందే. అప్పుడది సైక్లోహెక్స్-2-ఈన్-1-ఆల్ అవుతుంది.

జెనీవా సభ

ఈ సర్వీసు రూల్సు మొదటినుంచీ లేవు. పూర్వం పదార్థం ఎక్కడ దొరికితే ఆ పేరే పెట్టేవారు. 1825లో మైకేల్ ఫారడే లండన్‌లో దీపాల గ్యాసు సిలిండర్ల అడుగున చేరిన నూనెలోంచి ఒక ద్రవాన్ని వేరుచేశాడు. తర్వాత మిచర్లిక్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు అదే ద్రవాన్ని సాంబ్రాణికి సంబంధించిన ఆమ్లంలోంచి తయారుచేసి, సాంబ్రాణి పేరుమీదుగానే బెంజిన్ అన్నాడు. అదే నేటి బెంజీన్. మన ఇళ్ళల్లో పొగవేసుకునే సాంబ్రాణి పేరు ఈవేళ ప్రపంచంలోని ప్రతి రసాయన గ్రంథంలోనూ ఉన్నదంటే ఆశ్చర్యమే. ఫ్రెంచివాడైన లోరాన్ వెలుతురు ఇచ్చే గ్యాసుకు సంబంధించినది గనుక, 'వెలుగు' అనే అర్థం వచ్చే గ్రీకు మాటతో మరో పేరు సూచించాడు. ఆ పేరు నిలవలేదు గాని, దాని పిలకగా 'ఫినైల్' అన్న మాట నిలిచింది. మనం బాత్‌రూములో పోసే ఫినాయిలు పేరు కూడా ఆ కుదురులోదే.

బెంజీన్‌లో ఆరు కార్బన్లు వలయంగా ఉంటాయని కెకూలే 1865లో ప్రకటించాడు. తన తోకను తానే కరచుకున్న పాము కలలో కనిపించిందని ఆయన 1890లో తనకు జరిగిన సన్మానసభలో చెప్పుకున్నాడు. బెంజీన్‌కు రూలు ప్రకారం సైక్లోహెక్సా-1,3,5-ట్రైఈన్ అని పేరు రావాలి. కాని దాని ప్రవర్తన మామూలు ద్విబంధాల ప్రవర్తన కాదు. అందుచేత పాత పేరునే ఉంచేశారు. పెద్దింటివారికి ఇచ్చే మినహాయింపు అనుకోవచ్చు.

1866లో హాఫ్‌మన్ అనే ఆయన ఏ, ఇ, ఐ, ఓ, యు అనే ఇంగ్లీషు అచ్చులను వరసగా పెట్టి, ఏన్, ఈన్, ఐన్ అంటూ తోకలు తగిలిద్దామన్నాడు. మొదటి మూడూ నేటికీ వాడుకలో ఉన్నాయి. పిల్లలు బళ్ళో వల్లించే ఆల్కేన్, ఆల్కీన్, ఆల్కైన్ అవే. ఒక్కో దేశంలో ఒక్కో పేరు పెరిగిపోయి, సూచికలు తయారుచేసేవారికి ప్రాణసంకటమైంది. చివరికి 1892 ఏప్రిల్‌లో జెనీవా నగరంలో తొమ్మిది ఐరోపా దేశాల నుంచి 34 మంది రసాయన శాస్త్రజ్ఞులు సమావేశమై నియమావళి రాశారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రీడెల్ దానికి అధ్యక్షుడు. ఒక పదార్థానికి రిజిష్టరులో ఒకే శీర్షిక కింద ఒకే పేరు ఉండాలన్నది వారి ఆశయం. రికార్డు సెక్షనులో పనిచేసినవారెవరికైనా ఆ బాధ అర్థమవుతుంది. 1919లో అంతర్జాతీయ సంఘం ఏర్పడి ఆ బాధ్యత తీసుకుంది. 1930లో లియేజ్ నగరంలో, ఆ పిమ్మట పలుమార్లు నియమాలను సవరించారు. 2013 సవరణతో గొలుసూ వలయమూ రెండూ ఉన్న చోట, ఇతరత్రా సమానమైతే, పెద్దరికం వలయానికే అని తేల్చారు.

మన మిరపకాయ మాట

మందుల సంగతికి వెళ్ళేముందు మన పంటల్లోనే ఉన్న వలయాలను చూడటం న్యాయం. మిరపకాయ మన దేశానికి పోర్చుగీసువారితో వచ్చింది. దాని కారానికి మూలమైన పదార్థానికి థ్రెష్ అనే ఇంగ్లీషు ఆయన 1876లో కాప్సైసిన్ అని పేరు పెట్టాడు. మిరప జాతికి లాటిన్ పేరు కాప్సికం. దాన్నిబట్టి వచ్చింది. 1919లో నెల్సన్ అనే అమెరికను దాని నిర్మాణం తేల్చాడు. రూలు ప్రకారం దాని పూర్తిపేరు ఎన్-[(4-హైడ్రాక్సీ-3-మిథాక్సీఫినైల్)మిథైల్]-8-మిథైల్‌నాన్-6-ఈనమైడ్.

భయపడనక్కరలేదు. విడదీసి చదువుదాం. 'ఫినైల్' అంటే బెంజీన్ వలయం. దానిమీద మూడో చోట ఒకటి, నాలుగో చోట ఒకటి రెండు తగిలింపులు. సరిగ్గా ఇదే తల వెనిల్లా వాసనిచ్చే వెనిలిన్‌లోనూ ఉంది. ఐస్‌క్రీము, గుంటూరు కారం ఒక ఇంటి బిడ్డలే అన్నమాట. 'నాన్' అంటే తొమ్మిది కార్బన్ల గొలుసు. '6-ఈన్' అంటే ఆరో కార్బన్ దగ్గర మొదలయ్యే ద్విబంధం. 'అమైడ్' ఆ రెంటినీ కలిపే ముడి. ఆ ద్విబంధం లేని తమ్ముడు కూడా కాయలోనే ఉంటాడు. అతని పేరు డైహైడ్రోకాప్సైసిన్. అతని కారమూ దాదాపు అంతే.

పండుమిరపకాయలో మరో వలయముంది. హంగేరీ దేశస్థుడైన సెంట్ గ్యోర్గీ అనే శాస్త్రజ్ఞుడు ఒక పదార్థాన్ని కనుగొని, అదేమిటో తనకు తెలియదు గనుక 'తెలియదు' అనే అర్థం వచ్చేటట్లు ఇగ్నోజ్ అని పేరు పెట్టాడు. పత్రిక సంపాదకుడు ఒప్పుకోలేదు. అయితే 'దేవుడికెరుక' అనే అర్థంతో గాడ్‌నోజ్ అందామన్నాడు. అదీ నెగ్గలేదు. 1930ల మొదట్లో ఆయన సెగెడ్ పట్టణం మిరపకాయల నుంచి దాన్ని కిలోల లెక్కన తీయగలిగాడు. అదే విటమిన్-సి. స్కర్వీ వ్యాధిని పోగొడుతుంది గనుక ఆస్కార్బిక్ ఆమ్లం అన్న పేరు స్థిరపడింది. అయిదుగురి వలయం, అందులో ఒక ద్విబంధం. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పత్తిగింజలోనూ జంట వలయాల పదార్థం ఒకటుంది. దాని పేరు గాసిపోల్. పత్తి లాటిన్ పేరు గాసిపియం, దానికి ఫినాల్ తోక. 1899లో మార్ష్‌లెవ్‌స్కీ ఆ పేరు పెట్టాడు. పురుగుల నుంచి పత్తిమొక్క తనను తాను కాపాడుకునే మందు అది.

బి.హెచ్.సి. - పేరులోనే పొరపాటు

మన రైతు మొదట వాడినది పొగాకు కషాయం, వేపపిండి. తర్వాత డి.డి.టి., బి.హెచ్.సి. వచ్చాయి. డి.డి.టి.ని 1874లో జైడ్లర్ తయారుచేసి పక్కన పడేస్తే, 1939లో పాల్ ముల్లర్ దాని పురుగుమందు గుణం కనిపెట్టి 1948లో నోబెల్ బహుమతి పొందాడు. 1953లో మలేరియా నియంత్రణ పథకం మొదలయ్యాక మన ఊళ్ళలో ఇంటింటికీ వచ్చి గోడలకు కొట్టి, తలుపు పక్కన తేదీ వేసి పోయేవారు. ఆ పేరు చివర 'ఈథేన్' ఉంది. దానిలోంచి ఒక హైడ్రోజన్, ఒక క్లోరిన్ ఊడితే ద్విబంధం ఏర్పడి పేరు 'ఈథిలీన్' అవుతుంది. దాన్నే డి.డి.ఇ. అంటారు. మందుకు లొంగని ఈగలు చేసే పని ఇదే. మన ఒంటి కొవ్వులో ఏళ్ళ తరబడి నిలిచేదీ ఇదే. ఆ చిన్న మార్పులో అంత కథ ఉంది. మన దేశంలో వ్యవసాయానికి డి.డి.టి. వాడకాన్ని 1989లో ఆపేశారు.

బి.హెచ్.సి. అంటే బెంజీన్ హెక్సాక్లోరైడ్. దీన్ని కూడా 1825లో ఫారడేయే తయారుచేశాడు. బెంజీన్, క్లోరిన్ కలిపి ఎండలో పెట్టాడు. అయితే ఆరు క్లోరిన్లు వచ్చి చేరేసరికి బెంజీన్‌లోని మూడు ద్విబంధాలూ విడిపోతాయి. మిగిలేది బెంజీనే కాదు. దాని సరైన పేరు 1,2,3,4,5,6-హెక్సాక్లోరోసైక్లోహెక్సేన్, పొట్టిగా హెచ్.సి.హెచ్. 'ఏన్' అన్న తోక చూడండి. ద్విబంధం లేదని అదే చెబుతున్నది. కాని పాత పేరు జనం నోట పడింది, ప్రభుత్వ కాగితాల్లోనూ పడింది. అందుచేత రెండు పేర్లూ నడిచాయి.

ఈ రెండు పేర్ల వల్ల ఒక ఆఫీసులో జరిగిన ముచ్చట చెబుతాను. ఆఫీసు పేరు అనవసరం. స్టాకు రిజిష్టరులో బి.హెచ్.సి. పది శాతం పొడి ఒక పేజీలోనూ, హెచ్.సి.హెచ్. పది శాతం పొడి మరో పేజీలోనూ ఎక్కింది. తనిఖీకి వచ్చినవారు గోదాములో ఒక రకం బస్తాలే చూసి, రెండో సరుకు ఏమైందని అభ్యంతరం రాశారు. రెండూ ఒకటేనని నిరూపించడానికి బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుకున్న అధికారి ఒకరు కాగితం మీద ఆరు మూలల బొమ్మ గీసి చూపించవలసి వచ్చింది. అభ్యంతరం తొలగడానికి మాత్రం పదకొండు నెలలు పట్టింది.

ఇది నవ్వుకునే సంగతి. నవ్వుకోలేనిది మరొకటి. ఆ మాటలనే తిరగవేసి హెక్సాక్లోరోబెంజీన్ అంటే పూర్తిగా వేరే పదార్థం. అందులో బెంజీన్ వలయం అలాగే ఉంటుంది, హైడ్రోజన్లు పోయి క్లోరిన్లు ఉంటాయి. అది విత్తనాలకు పట్టించే తెగుళ్ళ మందు. 1950లలో టర్కీ దేశంలో ఆ మందు పట్టించిన విత్తన గోధుమలను కరువు వల్ల తినేసి వేలమంది జబ్బుపడ్డారు. పసిబిడ్డలు చనిపోయారు. మాటల వరస మారితే పదార్థం మారిపోతుందన్న మాట.

బి.హెచ్.సి.లో క్లోరిన్లు వలయానికి పైన ఎన్ని, కింద ఎన్ని అన్నదాన్నిబట్టి ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని రూపాలున్నాయి. పురుగును చంపేది గామా ఒక్కటే. అది మామూలు సరుకులో ఏడింట ఎనిమిదింట ఒక వంతు. మన పల్లెల్లో గమాక్సిన్ పొడి అని పిలిచింది ఆ గామా పేరుమీదుగానే. 1912లో గామా రూపాన్ని వేరుచేసిన వాన్ డెర్ లిండెన్ గౌరవార్థం దానికి లిండేన్ అన్న పేరూ వచ్చింది. మిగిలినదంతా పురుగుకు తగలక, మట్టిలోనూ పాలలోనూ మిగిలిపోయిన దండగ సరుకు. 1997 ఏప్రిల్ 1 నుంచి బి.హెచ్.సి.ని మన దేశంలో నిషేధించారు.

ఎండ్రిన్

1928లో డీల్స్, ఆల్డర్ అనే గురుశిష్యులు జర్మనీలో ఒక ప్రక్రియ కనిపెట్టారు. ఒకటి విడిచి ఒకటిగా రెండు ద్విబంధాలున్న పదార్థాన్ని, ఒక ద్విబంధమున్న మరో పదార్థంతో కలిపితే ఆరుగురి కొత్త వలయం ఏర్పడుతుంది. 1950లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. 1940లలో అమెరికాలో జూలియస్ హైమన్ ఆ ప్రక్రియతోనే కొత్త మందులు చేసి, ఆల్డర్ పేరున ఆల్డ్రిన్ అనీ, డీల్స్ పేరున డీల్డ్రిన్ అనీ నామకరణం చేశారు. ఈ కుటుంబం మొత్తానికి సైక్లోడయీన్లు అని పేరు. సైక్లో అంటే వలయం, డై అంటే రెండు, ఈన్ అంటే ద్విబంధం. పుట్టుక అంతా పేరులోనే ఉంది.

ఆల్డ్రిన్‌లో మిగిలిన రెండు ద్విబంధాలలో ఒకదానిమీద ఆక్సిజన్ వచ్చి కూర్చుని ముగ్గురి చిన్న వలయం అయితే అది డీల్డ్రిన్. ఎండ్రిన్‌లోనూ సరిగ్గా అవే పరమాణువులు: 12 కార్బన్లు, 8 హైడ్రోజన్లు, 6 క్లోరిన్లు, 1 ఆక్సిజన్. తేడా ఒక్కటే. వలయాలు ఒకదానికొకటి లోపలి వైపుకు మడిచి ఉంటాయి. 'లోపలి' అనే అర్థం వచ్చే ఎండో అన్న మాట నుంచే ఎండ్రిన్ వచ్చింది. ఆ మడత వల్ల దాని తక్షణ విషప్రభావం డీల్డ్రిన్ కంటె బాగా ఎక్కువ.

ఈ మాట మన జిల్లాల్లో ఎలా పాతుకుపోయిందో మీ అందరికీ తెలుసు. ఏ మందు మింగినా 'ఎండ్రిన్ తాగాడు' అనేవారు. 1990లో ఎండ్రిన్‌ను నిషేధించిన తర్వాత కూడా ఆ మాట పోలేదు. ఇది భాషకు అలవాటు కావచ్చు గాని, ఆస్పత్రిలో మాత్రం ప్రాణాంతకం. ఎందుకంటే ఎండ్రిన్, ఎండోసల్ఫాన్ వంటి సైక్లోడయీన్లకు ప్రత్యేకమైన విరుగుడు లేదు. మూర్ఛలను అదుపుచేసి కాపాడాలి. మోనోక్రోటోఫాస్ వంటి ఫాస్ఫరస్ మందులకు అట్రోపిన్ ఇంజక్షను ఉంది. బంధువులు 'ఎండ్రిన్' అని ఒక్కమాట చెబితే డాక్టరు ఏ దారి పట్టాలి? డబ్బా తెచ్చి చూపితే, చివర 'ఫాస్' అన్న రెండక్షరాలు చాలు, ఆయనకు దారి దొరుకుతుంది.

ఆ మోనోక్రోటోఫాస్ పేరులోనూ చరిత్ర ఉంది. నడుమనున్న 'క్రోటో' అన్నది క్రోటానిక్ ఆమ్లం నుంచి, అది నేపాళం చెట్టు లాటిన్ పేరైన క్రోటన్ నుంచి వచ్చినవి. మన వైద్యులు విరేచనానికి వాడిన నేపాళమే. వలయం లేదు, ద్విబంధం ఒకటుంది. 2013లో బీహారులో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయింది ఈ మందు వల్లనే.

పత్తి, పైరెత్రాయిడ్లు

1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టుకుంది. ఆ దశకంలోనే చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు, అద్దంకి ప్రాంతాల రేగడి చేలల్లో పత్తి విస్తరించింది. 1980ల మొదట్లో పైరెత్రాయిడ్లు వచ్చాయి.

వీటి మూలం చామంతి జాతి పువ్వు. అందులోని ఆమ్లానికి చామంతి లాటిన్ పేరుమీదుగానే క్రిసాంథెమిక్ ఆమ్లం అని పేరు. ముగ్గురి వలయం, పక్కన ఒక ద్విబంధం. పువ్వుమందు ఎండకు నిలవదు. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో మైకేల్ ఇలియట్ బృందం 1970లలో ఆ ద్విబంధం చివరనున్న మిథైళ్ళ స్థానంలో క్లోరిన్లు పెట్టి, ఎండకు నిలిచేటట్లు చేసింది. అలా వచ్చిందే సైపర్‌మెత్రిన్. పూర్తిపేరు సయానో(3-ఫినాక్సీఫినైల్)మిథైల్ 3-(2,2-డైక్లోరోఈథినైల్)-2,2-డైమిథైల్‌సైక్లోప్రొపేన్-1-కార్బాక్సిలేట్. 'సైక్లోప్రొపేన్' అన్నది చామంతి నుంచి వచ్చిన ముగ్గురి వలయం. 'ఈథినైల్' అన్నది ద్విబంధం. అందులోని 'డైక్లోరో' ఎండకు వేసిన గొడుగు.

మొదటి రెండు మూడేళ్ళు ఆ మందు కొడితే పురుగు రాలిపడేది. తర్వాత మిత్రపురుగులు నశించి 1984-85లో తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగలేదు. రైతు ఒక కంపెనీ డబ్బా పనిచేయడం లేదని రెండో కంపెనీ డబ్బా, అదీ కాదంటే మూడోది అప్పుమీద తెచ్చి కొట్టాడు. బొమ్మలు వేరు, బ్రాండు పేర్లు వేరు. కింద చిన్నక్షరాలలో ఉన్నది మాత్రం సైపర్‌మెత్రినో, డెల్టామెత్రినో, ఫెన్‌వలరేటో. ఫెన్‌వలరేట్‌లో చామంతి వలయం లేదు, పేరుకు 'త్రిన్' అన్న తోకా లేదు. అయినా పురుగు నరం మీద అది పట్టే పట్టు అదే. మందు మార్చాననుకున్న రైతు నిజానికి మార్చలేదు. ఒకే తాళానికి ఒకే తాళంచెవిని నాలుగు రంగుల్లో కొనుక్కున్నాడు.

ఆ ఏడాది గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు జరిగాయి. కౌలు, వడ్డీ, ధర, వాతావరణం అన్నీ అందులో ఉన్నాయి. మొత్తం పాపం పేర్ల మీద నెట్టడం నా ఉద్దేశం కాదు. కాని ఆ అప్పులో ఒక భాగం, చిన్నక్షరాలలోని ఆ ఒక్క మాట చదివిపెట్టేవారు లేక పెరిగిన అప్పు. పేరు తెలియకపోతే నష్టమేమిటని అడిగేవారికి నా సమాధానం అదే. 2002లో బీటీ పత్తి వచ్చాక శనగపచ్చ పురుగు మందుల ఖర్చు చాలావరకు తగ్గింది. తర్వాత గులాబీరంగు పురుగు దానికీ అలవాటుపడింది. మిరపలో 2021లో నల్ల తామరపురుగు వచ్చినప్పుడు మళ్ళీ మందుల కొట్టు ముందు పాత వరుసే కనిపించింది.

చట్టం ఏమంటున్నది

1958లో కేరళలో పారాథియాన్ మందు ఓడలో కారిపోయి గోధుమపిండికి తగిలి వందమందికి పైగా చనిపోయారు. దాని మీద వేసిన విచారణ సంఘం సిఫారసులతో 1968లో పురుగుమందుల చట్టం, 1971లో నిబంధనలు వచ్చాయి. డబ్బామీద బ్రాండు పేరు ఒక్కటే ఉంటే చాలదు. రసాయనానికి స్థిరపడిన పేరు, దాని శాతం, విరుగుడు వివరాలు ఉండి తీరాలి. మూలమీద నిలబెట్టిన చతురస్రంలో ఎరుపు అయితే అత్యంత విషం, పసుపు అయితే తీవ్ర విషం, నీలం అయితే ఒక మోస్తరు, ఆకుపచ్చ అయితే స్వల్పం. లోపల పెట్టే కరపత్రం ప్రాంతీయ భాషలో కూడా ఉండాలి. ఎండోసల్ఫాన్‌ను 2011 మే నెలలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. మన లాం ఫారం శాస్త్రజ్ఞులు ఏ సలహా ఇచ్చినా రసాయనం పేరుతోనే ఇస్తారు గాని బ్రాండు పేరుతో ఇవ్వరు. మన మిరపకాయలు కొనే విదేశాలవారు పరీక్ష చేయించి పంపే కాగితాల్లోనూ ఉండేది ఆ పేరే. ఆ పేరు పరిమితి మించి కనపడితే సరుకు వెనక్కి వస్తుంది.

మనం చేయదగిన పని

మన సభ్యులలో చాలామంది నేటికీ స్వగ్రామాలలోనే ఉంటున్నారు. ఉదయం పేపరు చదివాక కొంత తీరిక ఉంటుంది, కళ్ళజోడు ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. మన పక్కింటి రైతు కొట్టునుంచి డబ్బా తెచ్చినప్పుడు కింది చిన్నక్షరాలు చదివి, పోయినసారి తెచ్చినదీ ఇదీ ఒకటేనా కాదా చెప్పడం మనకు ఒక నిమిషం పని. 'త్రిన్' అయితే ఒక కుటుంబం, 'ఫాస్' అయితే మరో కుటుంబం. ఏ మందు కొట్టిందీ, ఏ తేదీన కొట్టిందీ ఒక నోటుపుస్తకంలో రాయించండి. రిజిష్టరు రాయించడం మనకంటె బాగా ఎవరికి తెలుసు? ఎవరికైనా మందు సోకితే ఆస్పత్రికి మనిషితోపాటు డబ్బా కూడా వెళ్ళాలని ఊరందరికీ చెప్పండి. ఖాళీ డబ్బాలు నీళ్ళకూ నూనెకూ వాడనివ్వకండి.

ఇంటర్ చదివే మనవలు, మనవరాళ్ళు ఈ నామకరణం పాఠాన్ని ఎంట్రన్సు పరీక్ష కోసం రాత్రింబగళ్ళు బట్టీ పడుతుంటారు. వారిని ఒక ఆదివారం పొలానికి తీసుకువెళ్ళి ఒక డబ్బా మీది పేరు చదవమనండి. వలయం ఎక్కడ, ద్విబంధం ఎక్కడ, ఇది ఏ కుటుంబం అని అడగండి. పాఠమూ నిలుస్తుంది, ఆ పాఠం ఎవరికోసం పుట్టిందో కూడా తెలుస్తుంది. జెనీవాలో ఆ 34 మందీ కూర్చుని రాసింది సూచికల సౌకర్యం కోసమే కావచ్చు. మన చేలగట్ల మీద మాత్రం అది మనిషి ప్రాణానికీ, ఎకరం పంటకూ సంబంధించిన విషయం.